మునుంలో మూడో మనిషి

నాకు ఫారాలంటే ఒళ్లు మంట. డిగ్రీ కాలేజీలో పిల్లలకు సర్వే ఎలా చేయాలో పాఠం చెప్పే మనిషి ఈ మాట అనకూడదు, కానీ అంటాను. ఏటా ఆ పాఠం వస్తుంది. సమాచారం ఇచ్చిన వాళ్ల పేర్లు బయట పెట్టకూడదు అని బోర్డు మీద రాస్తాను. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. పేరు రాయకపోతే సరిపోతుందా మేడం అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో కూడా నాకు తెలియదు, అందుకే గబగబా తర్వాతి అంశంలోకి పోతాను. నేను జీవితంలో మనసు పెట్టి చేసిన సర్వే ఒక్కటే. దాన్ని నా సొంత ఊళ్లో, నన్ను పెంచిన మనిషి పని చేసే చేనులో చేశాను.

కొత్త రాష్ట్రం వచ్చిన కొత్తలో సంగతి. మహబూబ్‌నగర్‌లో సోషియాలజీ పీజీ ముగించుకుని, ఉద్యోగ ప్రకటనల కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్నాను. నల్లగొండలో ఒక వ్యవసాయ కూలీల సంఘం వాళ్లకు ఊళ్లు తిరిగి రిపోర్టు రాసే మనిషి కావాలని తెలిసి వెళ్లాను. జీతం సంగతి అడిగితే సంఘం కార్యదర్శి ఉద్యమం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. అక్కడే లేచి రావలసింది. టీ తాగి ఒప్పుకుని వచ్చాను.

కార్యదర్శి చెడ్డవాడైతే నా పని సులువయ్యేది. ఆయన మంచివాడు, అదే తలనొప్పి. ఎండనకా వాననకా పాత బండి మీద తిరిగేవాడు, ఎవరింట్లో ఏది పెడితే అది తినేవాడు. కాకపోతే ఎవరైనా మాట్లాడుతుంటే వినేవాడు కాదు, ఆ మాట తన ఉపన్యాసంలో ఎక్కడ పనికొస్తుందో చూసుకునేవాడు. నేను చెప్పేది సగం కాకముందే, "సరిగ్గా అదే చెల్లె" అని అందుకునేవాడు. నేను చెప్పబోయింది అది కాదని చెప్పే సందు దొరికేది కాదు.

మా ఊరు నార్కట్‌పల్లి దగ్గర హైవే దిగి లోపలికి పోతే వస్తుంది. మాది గొర్ల ఇల్లు. ఎండాకాలం వస్తే బాపు, అమ్మ మందను తోలుకుని అచ్చంపేట దిక్కు, నల్లమల అంచులకు పోయేవాళ్లు. వానలు పడి మా దగ్గర గడ్డి మొలిచాక గానీ తిరిగొచ్చేవాళ్లు కాదు. నాకు బడి ఉండేది కాబట్టి పెద్దమ్మ దగ్గర వదిలేసేవాళ్లు. పెద్దమ్మ అమ్మకు అక్క. చిన్న వయసులోనే పెనిమిటి పోయాడు, పిల్లలు లేరు, గుంటెడు భూమి లేదు. నాకు జడ వేసింది, జ్వరమొస్తే దవాఖానకు ఎత్తుకుపోయింది, పదో తరగతి పరీక్షల రోజుల్లో పని మానుకుని బడి గేటు దగ్గర కూర్చుంది ఆమే. మిగతా రోజులన్నీ ఆమె కూలికి పోయింది. పోవద్దన్న రోజు కూడా పోయింది. ఇంట్లో కూర్చుంటే ఏం తోచదు బిడ్డా అనేది, అక్కడ నలుగురం ఉంటం అనేది.

సంఘం డిమాండ్ చాలా చిన్నది. పురుగుల మందు కొట్టే మగవాళ్లు ఎండ ముదరకముందే పని ముగించి ఇంటికి పోతారు. కలుపు తీసే ఆడవాళ్లు మాత్రం పొద్దు గూట్లో పడేదాకా వంగే ఉండాలి. ఆ తర్వాత ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని ఊరు చేరి, పొయ్యి రాజేయాలి. ఆడవాళ్లు కూడా ఐదింటికి గట్టెక్కాలి అన్నది డిమాండ్. ఆసాములు ఒప్పుకోలేదు. ఈ ఆడోళ్లు ముచ్చట్లతోనే పొద్దు పుచ్చుతారు, ఐదింటికే పోతే చేను తెమలదు అనేది వాళ్ల వాదన. ఆడవాళ్లు ముచ్చట్లు పెట్టడం లేదని, పనే చేస్తున్నారని నిరూపించే బాధ్యత నా మీద పడింది. మునగ చెట్టుకు పూత వస్తుందని నిరూపించమన్నట్టు అనిపించింది నాకు.

ముందు ఫారాలతో మొదలుపెట్టాను. నల్లగొండలో ఫ్యాను కింద కూర్చుని తయారు చేసిన ఫారం అది. వృత్తి అని ఒక గడి. గొర్లు కాస్తారు, ఎకరంన్నర పత్తి వేస్తారు, కూలికి పోతారు, వీటిలో ఏది రాయాలి అంటే ఒక్కటే రాయాలన్నాడు కార్యదర్శి. యజమాని ఎవరు అని ఇంకో గడి. ఒకామె పక్కింటామె పేరు చెప్పింది, మొన్న వాళ్ల చేనుకు పోయిందట. పక్కింటామెను అడిగితే ఈమె పేరే చెప్పింది, అంతకు ముందు రోజు ఈమె చేనుకు ఆమె వచ్చిందట. ఇద్దరూ ఒకరికొకరు యజమానులు, ఒకరికొకరు కూలీలు. సోమవారం నాడు ఐదింటికే పని బంద్ కావాలని చేతులెత్తినామె, గురువారం నాడు తన చేనులో కూలీలు పెందలాడే గట్టెక్కారని నాతోనే గొణిగింది. పుస్తకంలో చదువుకున్న వర్గాలన్నీ మా ఊరి ఆటోలో ఇరుక్కుని కూర్చున్నాయి. ఇది రాద్దామంటే దానికి గడి లేదు.

ఫారాలు పక్కన పడేసి నేరుగా చేనుకే పోయాను. ఒక పత్తి చేను గట్టు మీద నోట్‌బుక్ పట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను. ఆ చేను ఆసామి పెద్ద భూస్వామి ఏమీ కాదు. రెండు బోర్లు వేసి ఎండగొట్టుకున్న మనిషి, మూడో బోరులో వచ్చే నీళ్లను దేవుడి తీర్థంలా చూసుకునేవాడు. పని ఎక్కువైన రోజు ఆయన భార్య కూడా కూలీలతో వరుసలో నిలబడేది. అయినా కూలీలు ఆయన్ను పటేలా అనే పిలిచేవాళ్లు, మర్యాద అది.

మునుం అంటే తెలియని వాళ్ల కోసం చెబుతాను. చేనులో దిగిన కూలీలు పక్కపక్కన ఒక గీతలా నిలబడి, తలా రెండు సాళ్లు పట్టుకుని, అందరూ కలిసి ముందుకు సాగుతారు. ఆ గీతే మునుం. కుడి చివర నిలబడే మనిషి అందరికీ ముందు నడక పడుతుంది, మిగతావాళ్లు ఆమెతో సమంగా రావాలి. గీత వంకర పోకూడదు. ఒకరు వెనకబడితే అది అందరికీ తలవంపు. గట్టు నుంచి గట్టుకు అందరూ ఒక్కసారే చేరాలి.

ఆ మునుంలో పద్నాలుగు మంది. ఎడమ నుంచి మూడో మనిషి పెద్దమ్మ. అప్పటికి ఆమె మోకాళ్లు వాచిపోయి ఉన్నాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. అయినా మొదటి రోజు పొద్దుగూకే దాకా చూశాను, గీత ఎక్కడా వంకర పోలేదు. అంతా ఒక్కసారే గట్టు చేరారు. ఎలాగబ్బా అనుకున్నాను. రెండో రోజు గానీ పట్టుకోలేకపోయాను. పెద్దమ్మ కాస్త వెనకబడగానే ఎడమ పక్కనున్న ఆమె తన సాలుతో పాటు పెద్దమ్మ సాలులో కూడా బారెడు మేర కలుపు లాగేసేది. తర్వాత కుడి పక్కనున్న, ఒకరింటి కోడలు పిల్ల ఇంకో బారెడు. పెద్దమ్మ అక్కడికి వచ్చేసరికి నేల శుభ్రంగా ఉండేది, ఆమె ఊరికే నడిచి గీతలో కలిసిపోయేది. ఎవరూ ఒక్క మాట అనేవాళ్లు కాదు. ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు కూడా కాదు. మాటలేమో అత్తల మీద, సీరియళ్ల మీద సాగుతుండేవి.

మూడో రోజు ఇంకోటి చూశాను. పెద్దమ్మ బాగా వెనకబడినప్పుడు ఆసామి గట్టు మీద నుంచి లేచి మోటర్ చూసొస్తానని పోయేవాడు. ఆయన తిరిగొచ్చేసరికి గీత సరిగ్గా ఉండేది. మోటర్ నడుస్తున్న చప్పుడు గట్టు మీదకే వినిపిస్తుంది, పోయి చూసే అవసరమే లేదు.

నాకు గుండె ఉప్పొంగిపోయింది. ఇంత చదువు చదివి ఊళ్లో ఇలాంటిది ఉందని చూడలేదే అనుకున్నాను. ఆ సాయంత్రం పెద్దమ్మకు కాళ్లు నొక్కుతూ, నీ సాలు పక్కవాళ్లు తీస్తున్నారు కదా, ఎప్పటి నుంచి అని అడిగాను. ఆమె కాలు వెనక్కి లాక్కుంది. నా సాలు నేనే తీసుకుంటానని, అన్నం తిని పడుకోమని అంది. అంతటితో ఊరుకోవాలి కదా నేను. ఊరుకోలేదు. "ఈ సహకారాన్ని లబ్ధిదారు సైతం అంగీకరించకపోవడం గమనార్హం" అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పటికీ నా దగ్గర ఉంది. చదివినప్పుడల్లా నన్ను నేను ఒకటి చరచాలనిపిస్తుంది.

రిపోర్టు రాశాను. కూలీల మధ్య కంటికి కనబడని ఒప్పందం ఉందని, ఆడవాళ్లు తమ పనే కాక పక్కవాళ్ల పని కూడా మోస్తున్నారని, అలాంటి వాళ్లను బద్ధకస్తులనడం అన్యాయమని రాశాను. ఆసామి చూసీ చూడనట్టు ఉండడం గురించి కూడా రాశాను, అందులో మానవత్వం ఉందని మెచ్చుకున్నాను. పేర్లు మాత్రం ఒక్కటీ రాయలేదు. చదువుకున్నదాన్ని కదా, ఆ జాగ్రత్త తీసుకున్నాను. ఎడమ నుంచి మూడో స్థానంలో ఉన్న, అరవై దాటిన, మోకాళ్ల వాపుతో బాధపడే ఒంటరి మహిళ అని మాత్రమే రాశాను. నల్లగొండలో చదివేవాళ్లకు ఆమె ఎవరో ఎలా తెలుస్తుంది అనుకున్నాను. ఈ రిపోర్టు మా ఊళ్లోనే చదువుతారన్న ఆలోచన రాలేదు.

చదివారు. చదివింది కూడా మైకులో. ఆసాములతో చర్చలకని పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. ఒక పక్క కూలీలు, ఒక పక్క ఆసాములు. సగం మందికి ఏ పక్క కూర్చోవాలో తెలియక కాసేపు అటూ ఇటూ తిరిగి, నీడ ఎక్కడుంటే అక్కడ కూర్చున్నారు. కార్యదర్శి నా రిపోర్టు ఎత్తి పట్టుకుని, ఇది శాస్త్రీయ అధ్యయనం అని చెప్పి, మునుం గురించి రాసిన పేజీ మొత్తం గొంతు పెంచి చదివాడు. ఎడమ నుంచి మూడో స్థానంలో అనగానే ఆడవాళ్ల తలలు తిరిగాయి. తర్వాత మగవాళ్ల తలలు తిరిగాయి. పెద్దమ్మ కొంగు మొహం మీదికి లాక్కుని నేల చూసింది. కార్యదర్శి కాగితంలో నుంచి తలెత్తలేదు. నేను ఆపండి అని లేవాలి. లేవలేదు. నేను రాసిన వాక్యాలు మైకులో వినడం బాగుందని అప్పటికి ఒక నిమిషం ముందే అనుకున్నాను.

ఆసామి మోటర్ దగ్గరికి పోయే ముచ్చట వచ్చేసరికి ఆసాముల వైపు నుంచి నవ్వు లేచింది. చేనులో సత్రం నడుపుతున్నావా అని ఎవరో ఆయన్ను అడిగారు. ఇంకొకరు, ఈయన అలుసిస్తే మనందరి చేన్లలో ఇట్లనే అయితది అన్నారు. ఆసామి కండువాతో మొహం తుడుచుకున్నాడు. నేను మెచ్చుకుంటూ రాసిన నాలుగు ముక్కలు ఆయన్ను పదిమందిలో చేతకానివాణ్ని చేశాయి.

ఆ తర్వాత చర్చలు చకచకా సాగాయి. ఐదింటికి గట్టెక్కడానికి ఆసాములు ఒప్పుకున్నారు. అంత తొందరగా ఒప్పుకోవడం చూసైనా మాకు అనుమానం రావాలి. ఒకే షరతు పెట్టారు. తలా రెండు సాళ్లు, ఎవరి సాలు వాళ్లదే, ఒకరి సాలులో ఒకరు చెయ్యి పెట్టకూడదు. సాలు తెమల్చలేని మనిషి మరుసటి రోజు రానక్కర్లేదు. మీ పుస్తకంలోనే ఉంది కదా, ఒకరి పని ఇంకొకరు చేస్తున్నారని, ఆ అన్యాయం కూడా తీసేద్దాం అన్నారు. కార్యదర్శి ఒక్క నిమిషం ఆలోచించి, ఎవరి శ్రమ వాళ్లదే, ఇది న్యాయమే అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆడవాళ్లలో కొట్టినవాళ్లు కొట్టారు, కొట్టనివాళ్లు కొట్టలేదు.

కొత్త పద్ధతిలో మొదటి రోజు నేనూ చేనుకు పోయాను. పోకుండా ఉంటే బాగుండేది. ప్రతి రెండు సాళ్ల మొదట్లో ఒక పుల్ల పాతారు. పద్నాలుగు మంది దిగారు. సద్ది తినే యాళ్లకే గీత చెదిరిపోయింది. పెద్దమ్మ ఒక్కతే వెనకబడి, చేను నడిమిట్ల మిగిలింది. ఐదు కొట్టేసరికి మిగతావాళ్లంతా గట్టు మీద నిలబడ్డారు. ఆటో వచ్చింది. ఎవరూ ఎక్కలేదు. ఎవరూ దిగి పోయి ఆమెకు చెయ్యి ఆనించనూ లేదు, అది రూలు. అందరూ అలాగే నిలబడి చూశారు. పెద్దమ్మ తలెత్తకుండా పీకుతూనే ఉంది. ఐదింటికి గట్టెక్కాలన్న ఉద్యమం గెలిచిన మొదటి రోజు, మా పెద్దమ్మ ఆరింటికి గట్టెక్కింది.

ఆసామి ఆమె దగ్గరికి వచ్చాడు. ఊళ్లో వరసకు ఆమెను అక్కా అంటాడు.

"అక్కా, రేపటి సంది నువ్వు ఆగు. నాకు చెప్పనీకి నోరొస్తలేదు. చెప్పక తప్పుతలేదు."

పెద్దమ్మ సరే అంది. కొడవలి కొంగుకు తుడుచుకుని ఆటో ఎక్కింది. దారిలో అందరూ ఏదో ఒకటి మాట్లాడారు, ఆమె కూడా మాట్లాడింది.

మర్నాడు పొద్దున్నే ఆసామి ఇంటికి పోయి గొడవ పెట్టుకున్నాను. ఇన్నేళ్లు పని చేసిన మనిషిని ఇట్ల ఎట్ల ఆపుతావు మామా అని అడిగాను. ఆయన బర్రెకు గడ్డి వేస్తున్నాడు. వేయడం అయ్యేదాకా నన్ను నిలబెట్టాడు.

"నువ్వు రాయకముందు నాకు ఎరుక లేదా బిడ్డా? ఎరుకున్నా ఎరుక లేనట్టుంటే నడుస్తుండె. నువ్వు మైకుల చదివించినవ్. ఇగ నాకు తెల్వదని నేనెట్లంట?"

రెండేళ్లు సోషియాలజీ చదివి నేను నేర్చుకోలేనిది ఆ మనిషి గడ్డి వేస్తూ చెప్పేశాడు. ఊళ్లో చాలా పనులు తెలియనట్టు ఉండడం మీదే నడుస్తాయి. దాన్ని వెలుగులోకి తెచ్చానని నేను మురిసిపోయాను.

అక్కడి నుంచి బస్సెక్కి నల్లగొండ పోయాను. కార్యదర్శి చాలా సంతోషంగా ఉన్నాడు. మన ఊరి గెలుపు చూసి పక్క ఊళ్ల వాళ్లు కూడా అడుగుతున్నారని చెప్పాడు. పెద్దమ్మ సంగతి చెప్పాను. సరిగ్గా అదే చెల్లె అన్నాడు. మార్పు వచ్చేటప్పుడు ఇలాంటివి ఉంటాయన్నాడు. ఆమెకు పింఛన్ వస్తుంది కదా అన్నాడు. సంఘం వ్యక్తుల సమస్యలు చూడదు, వర్గం సమస్య చూస్తుందన్నాడు. ఆమె కూడా వర్గంలోనే ఉంది కదా అన్నా అంటే, ఉంది, అందుకే ఆమె గురించి తర్వాతి రిపోర్టులో ప్రత్యేకంగా రాయి అన్నాడు. నాకు ఎంత కోపం వచ్చిందంటే బల్ల మీద ఉన్న రిపోర్టుల కట్ట ఎత్తి బయట పారేద్దామనుకున్నాను. పారేయలేదు. ఆ కట్ట మీద నేను రాసిన పేజీలే ఉన్నాయి.

ఆ వారమంతా మునుంలోని ఆడవాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగాను. అందరూ కలిసి గట్టిగా అడిగితే ఆసాములు దిగి వస్తారని, షరతు తీసేయించవచ్చని చెప్పాను. ఊఁ అన్నారు, చూద్దాం అన్నారు, టీ పెట్టారు. పెద్దమ్మకు కుడి పక్కన నిలబడే కోడలు పిల్ల ఒక్కతే మనసులో మాట చెప్పింది. నాకన్నా చిన్నది, చెయ్యి చురుకు. అప్పుడే స్నానం చేసి తల ఆరబెట్టుకుంటోంది. ఐదింటికి రావడం వల్ల ఇన్నాళ్లకు పగటి వెలుగులో తలస్నానం చేశానంది.

"అక్కా, నాలుగేండ్ల సంది ఆమె సాలు సగం నేనే తీసిన. ఒక్కనాడు కష్టమన్లే. నువ్వొచ్చి ఆమెకు అన్యాయమైందంటున్నవ్, మరి నాది ఏందో నువ్వు రాయలే. రాయకుంటేనే మంచిగుండె, ఇంకో నాలుగేండ్లు తీస్తుంటి."

"మరి ఇప్పుడు తియ్యరాదూ?" అన్నాను.

"ఇప్పుడు తీస్తే లెక్కకొస్తది అక్కా. నేను ఆమె మీద దయ చూపించినట్టయితది. ఆమె ఒప్పుకుంటదా?"

ఒప్పుకోదు. అది నాకు తెలుసు. పనిని పనిలా చేసినంత కాలం పెద్దమ్మ తీసుకుంది. దానికి సహకారం అని నేను పేరు పెట్టాక ముట్టదు. ఆమె ఒకరి ముందు చెయ్యి చాపడం నేను పుట్టి ఎరగను.

నెల తర్వాత విజయోత్సవ సభ జరిగింది. జీపు మీద మైకు, కార్యదర్శి మెడలో దండలు, ఆడవాళ్ల చేతుల్లో జెండాలు. నిజం చెప్పాలంటే ఊళ్లో మంచే జరిగింది, దాన్ని కాదనడానికి లేదు. ఆడవాళ్లు పొద్దుండగానే ఇల్లు చేరుతున్నారు. చీకట్లో ఆటోల్లో ప్రయాణం తప్పింది. బడి నుంచి వచ్చిన పిల్లలకు ఇంట్లో మనిషి కనబడుతోంది. పక్క ఊళ్లలో కూడా ఐదింటి మాట పడింది. ఇదంతా నేను రాసిన దానివల్లే అని వేదిక మీద నన్ను పిలిచి శాలువా కప్పారు. ఉద్యమం ఓడిపోయి ఉంటే తిట్టి చేతులు దులుపుకునేదాన్ని. గెలిచింది కాబట్టి ఆ శాలువా పెట్టెలో పెట్టుకోవలసి వచ్చింది. పెద్దమ్మ సభకు రాలేదు, మోకాళ్ల నొప్పి అని కబురు పంపింది.

అక్కడితో కథ ఆగినా బాగుండేది. గెలుపు తర్వాత కూలీల జీవితం ఎలా మారిందో తెలుసుకోవాలని సంఘం ఇంకో ఫారం తయారు చేసింది. మునుంలో ఉన్న పద్నాలుగు మంది దగ్గరా నింపుకు రమ్మన్నారు. పదమూడు ఫారాలు రెండు రోజుల్లో అయిపోయాయి. అందరూ ఒకే మాట చెప్పారు, అందరం సమానంగనే చేస్తున్నం అని. ఇంతకు ముందు నాతో గంటలు గంటలు మాట్లాడిన వాళ్లు, నా చేతిలో కాగితం చూసి మాటలు తూచి ఇచ్చారు. నేను గట్టు మీదకు వస్తే చేనులో ముచ్చట్లు ఆగిపోతున్నాయని కూడా గమనించాను. ఆ గమనింపు ఎక్కడా రాయలేదు.

పద్నాలుగోది పెద్దమ్మది. ఆ ఫారం వారం రోజులు సంచీలోనే పెట్టుకుని తిరిగాను. చివరికి ఒక మధ్యాహ్నం పోయాను. ఆమె అరుగు మీద కాళ్లు చాపుకుని, చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఒక్క మనిషికి వండుకునే గిద్దెడు బియ్యం, ఎన్నిసార్లు ఏరినా అన్నే రాళ్లుంటాయి. వాడకట్టులో పిట్ట లేదు, అందరూ పనుల మీద ఉన్నారు.

"ఈ యాళ్ల వాడ గిట్ల ఉంటదని నాకు ఎరుకనే లేదు బిడ్డా" అంది.

ఏడుపు తన్నుకొచ్చింది. నా తప్పే పెద్దమ్మా అన్నాను. ఆమె విననట్టే, సంచీలో నుంచి బయటికి కనబడుతున్న కాగితం చూసి అదేంది అని అడిగింది. ఏం లేదులే అన్నాను. అందరివి రాసినవట కదా, నాది రాయవా అంది. తప్పించుకోలేక ఫారం తీశాను. పని మానేయడానికి కారణం అన్న గడి దగ్గర ఆగిపోయాను. అండ్ల ఏమేమున్నయో చదువు అంది. చదివాను. ఆరోగ్యం బాగాలేకపోవడం, కుటుంబ కారణాలు, పని నుంచి తొలగించడం, ఇతరాలు. నేను మూడోదాని దగ్గర పెన్ను పెట్టాను. ఇది మాత్రం నిజం రాస్తాను, ఇదన్నా సంఘం వాళ్ల మొహాన కొడతాను అనుకున్నాను.

ఆమెకు అక్షరం రాదు. కానీ పెన్ను ఎక్కడ ఆగిందో చూసింది, నేను ఏది ఎన్నోది చదివానో ఆమెకు గుర్తుంది. చాట పక్కన పెట్టి, నా మణికట్టు పట్టుకుని పైకి జరిపింది.

"నన్నెవ్వరు ఆపలే. పటేలు మంచోడు. పక్కపొంటి ఆడోళ్లు మంచోళ్లు. నా మోకాళ్లే మంచిగ లేవు. గట్లనే రాసుకో. ఈసారి పేరు సుత రాయి బిడ్డా, ఎవరన్న అడిగితే నేనే చెప్పిన్నని ఉంటది."

పెద్దమ్మా, అది నిజం కాదు కదా అన్నాను. ఆమె చెయ్యి నా మణికట్టు మీద నుంచి తీయలేదు. అది బతిమాలే చెయ్యి కాదు, చిన్నప్పుడు పలక మీద అక్షరం తప్పు రాస్తే ఎవరినో అడిగి వచ్చి దిద్దించిన చెయ్యి. ఊళ్లో ఇంకా బతకవలసింది ఆమె. ఆ ఆడవాళ్లతోనే, ఆ పటేలుతోనే. నేను సాయంత్రం బస్సుకు పోయేదాన్ని.

మొదటి గడి దగ్గర టిక్కు పెట్టాను. పైన ఖాళీలో ఆమె పేరు పూర్తిగా రాశాను. ఏం రాసినవో చదివి వినిపించు అంది. వినిపించాను. ఆమె పూర్తిగా విని, తలూపి, చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.